గోడ రంగు ఆఖరున: మధ్యధరా వంటగదిని మట్టి రంగుల్లో కుదుర్చుకోవడం

మొదటిసారి నేను చేసిన పని రంగు డబ్బా కొనుక్కురావడం. డబ్బా మీద 'ఇసుక' అని రాసుంది. దుకాణంలో ట్యూబ్‌లైటు కింద ఇసుకలాగే కనిపించింది. రెండు పూతలు వేశాక పొద్దున పూట పరవాలేదనిపించింది. సాయంత్రం దీపం వేసేసరికి నాలుగు గోడలూ గులాబీ ఛాయ తిరిగి, దెబ్బ తగిలిన చోట అంటించే పట్టీ రంగులోకి వచ్చేశాయి. మా అక్క గుమ్మంలో నిలబడి, "ఏమే, గోడకి గాయమైందా?" అంది. ఆ గదిలో ఏడాదిన్నర వండాను. ఆ తర్వాత అంతా పీకించి మళ్లీ చేయించుకున్నాను. అది చూసి అక్క తన వంటగది కూడా నా నెత్తినే పెట్టింది. ఇక్కడ రాసేదంతా ఆ రెండు గదుల్లో నేర్చుకున్నదే.

మధ్యధరా అనగానే చాలామందికి శాంతోరిని దీవిలోని తెల్ల గోడలు, నీలం గుమ్మటాలు గుర్తొస్తాయి. అది ఆ సముద్రపు ఒక ఒడ్డు మాత్రమే. ఇటలీలో టస్కనీ, ఫ్రాన్స్‌లో ప్రోవాన్స్, స్పెయిన్‌లో అండలూసియా పల్లె ఇళ్లలోకి వెళితే కనిపించేవి తేనె, మీగడ, ఎండుగడ్డి, కాలిన ఇటుక రంగులు. ఎవరో కూర్చుని జోడీ కుదిర్చిన రంగులు కావవి, కాళ్ల కింద దొరికినవి. ప్రోవాన్స్‌లోని రూసియోన్ ఊరి కొండలే కావిరంగులో ఉంటాయి. టస్కనీలోని సియెనా పట్టణం పేరు మీదే ఒక మట్టి రంగు ఉంది. పచ్చిగా ఉన్నప్పుడు అది పసుపు కలిసిన గోధుమ వర్ణం. నిప్పుల మీద కాలిస్తే అందులోని ఇనుప ఖనిజం నీటిని వదిలేసి ఎర్రబడుతుంది, దాన్నే బర్న్ట్ సియెనా అంటారు.

ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. అక్కడి గోడలు సున్నపు గోడలు. తడి సున్నం ఘాటైన క్షారం. చెట్లనుంచీ పువ్వులనుంచీ తీసిన రంగులు అందులో చాలావరకు వెలిసిపోతాయి, మట్టిలోని ఇనుప రంగులు మాత్రం చెక్కుచెదరవు. అంటే ఆ లేత మట్టి ఛాయలన్నీ సున్నం వడపోసి మిగిల్చినవి. ఈ సంగతి ముందే తెలిసుంటే రంగు డబ్బా జోలికి వెళ్లేదాన్ని కాదు. ముందు నేల, తర్వాత గట్టు రాయి, ఆ తర్వాత టైలు, చెక్క. వీటన్నిటి ముక్కలూ చేతిలోకి వచ్చాకే గోడ రంగు ఎంచుకోవాలి. గోడకి వేల ఛాయలు దొరుకుతాయి, నచ్చిన రాయి ఒకటో రెండో దొరుకుతాయి. వంగగలిగినది గోడే కాబట్టి గోడనే వంచాలి.

కిటికీ దగ్గర ఒక రోజు

టేపు పట్టుకునే ముందు ఒక రోజంతా గదిలో వెలుతురు ఎలా తిరుగుతుందో చూడండి. నా వంటగదికి ఉన్నది ఒకే కిటికీ, ఉత్తరం వైపు. భూమధ్యరేఖకి పైన ఉండేవాళ్లకి ఉత్తరపు కిటికీలోంచి ఎండకంటే ఆకాశపు నీలి వెలుతురే ఎక్కువగా వస్తుంది (దక్షిణార్ధగోళంలో ఇది తలకిందులు). అలాంటి గదిలో బూడిద కలిసిన గోధుమ రంగు తడి సిమెంటులా దిగాలుగా కనిపిస్తుంది. కాస్త పసుపు మట్టి కలిసిన ఛాయ అయితే నిలబడుతుంది. అక్కవాళ్లది పడమటి కిటికీ. సాయంత్రం ఎండ ఎర్రగా లోపలికి వస్తుంది కాబట్టి ఆ గోడకి గులాబీ ఛాయ అసలు పనికిరాదు. కొంచెం ఆకుపచ్చ వైపు మొగ్గే రాతి రంగు వేశాం, సాయంత్రమయ్యేసరికి ఎండే దానికి వెచ్చదనం అద్దుతుంది.

లేత రంగు అడుగున ఏ ఛాయ దాక్కుందో ఒంటరిగా చూస్తే కనిపెట్టలేం. పక్కన తెల్ల కాగితం పెట్టండి. గులాబీయో, పసుపో, ఆకుపచ్చో వెంటనే బయటపడుతుంది. నాలుగు లేత గోధుమ రంగుల్ని వరసగా పెడితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, ఒక్కటైనా మిగతావాటితో పోట్లాడుతుంది. గదిలో గులాబీ అడుగున్నవీ ఆకుపచ్చ అడుగున్నవీ కలపకండి. 'అన్నీ లేత రంగులే కదా, ఎందుకో కుదరలేదు' అని వాపోయే వంటగదుల్లో చాలావాటి జబ్బు ఇదే.

రెండడుగుల అట్టముక్క మీద రెండు పూతలు వేసి గోడకి నిలువుగా ఆనించండి. నేల మీద పడుకోబెట్టి చూస్తే లెక్క తప్పుతుంది, వెలుతురు వేరే కోణంలో పడుతుంది. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి దీపం కింద చూడండి. ఆ దీపం కూడా చివరికి ఆ గదిలో ఉండబోయేదే అయ్యుండాలి. అందుకే నేను ఈసారి బల్బులు అన్నిటికంటే ముందు కొన్నాను. 2700 నుంచి 3000 కెల్విన్ మధ్య (అంటే వెచ్చటి పసుపు వెలుతురు), సీఆర్ఐ (దీపం కింద రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90కి తగ్గకుండా. సీఆర్ఐ తక్కువైతే ఇటుక రంగు చచ్చిపోయినట్టుంటుంది. గదిలో ఒక్క తెల్ల బల్బు మిగిలినా మొత్తం పాడవుతుంది. నాకు చిమ్నీతో పాటు వచ్చిన చిన్న బల్బు అలాంటిదే, అది మార్చేదాకా పొయ్యి మీద వంట పాలిపోయినట్టు కనిపించేది.

నేల: ఇక్కడ తొందరపడకండి

టెర్రకోట అంటే ఇటాలియన్ భాషలో 'కాల్చిన మట్టి' అనే అర్థం. ఫ్లోరెన్స్ పక్కన ఇంప్రునేతా అనే ఊరు ఈ పనికి శతాబ్దాలుగా పేరుపడింది, ఫ్లోరెన్స్ పెద్ద చర్చి గుమ్మటం మీది పెంకులు అక్కడివే. మట్టిలో ఇనుము ఎంతుందో, బట్టీలో ఏ మూల కాలిందో దాన్నిబట్టి ఒక్కో పలక రంగు మారుతుంది. ఆ తేడాయే నేలకి ప్రాణం. అందుకని పరిచేటప్పుడు ఒక పెట్టె అయ్యాక ఇంకో పెట్టె తీయకండి, నాలుగైదు పెట్టెలు ఒకేసారి విప్పి కలిపి పరచాలి. లేకపోతే నేల మీద ఇక్కడో ఎర్ర మడుగు, అక్కడో పసుపు మడుగు ఏర్పడతాయి.

టెర్రకోట దాహం కలది. నీటి చుక్క వేస్తే క్షణాల్లో లాగేస్తుంది, నూనె చుక్క కూడా అంతే. దీనికి సీలర్, అంటే రంధ్రాలు మూసే పూత, పూయాలని అందరికీ తెలుసు. నాకు తెలియనిది ఎప్పుడు పూయాలన్నది. పలకలు పరిచిన మర్నాడే ఉత్సాహం ఆపుకోలేక, సీలర్ లేకుండానే గ్రౌట్ (పలకల సందుల్లో నింపే సిమెంటు ముద్ద) పెట్టించాను. సిమెంటు పాలు పలకల రంధ్రాల్లోకి దిగి, నేలంతా తెల్లటి పొర కట్టింది. మోకాళ్ల మీద కూర్చుని పది రోజులు రుద్దాను. కిటికీ కింద మూడు పలకల్లో ఆ తెలుపు ఇప్పటికీ ఉంది. సరైన వరస ఇది: పలకలు పరచాలి, అడుగు జిగురు పూర్తిగా ఆరనివ్వాలి, మొదటి సీలర్ పూత వేయాలి, అప్పుడు గ్రౌట్ పెట్టాలి, అది ఆరాక ఆఖరి పూతలు. పాతకాలపు పద్ధతిలో అవిసె నూనె పట్టించి, పైన తేనెమైనం రుద్దుతారు. రంగు ముదిరి అందంగా ఉంటుంది, అప్పుడప్పుడు మళ్లీ మైనం పెట్టాల్సిందే. నూనె గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి, అవిసె నూనె ఆరేటప్పుడు వేడెక్కి దానంతటదే అంటుకునే ప్రమాదముంది. విప్పి ఆరుబయట ఆరేయాలి.

ఇంకొకటి. కింది కాంక్రీటులో తేమ ఉంటే అది పైకి వస్తూ ఉప్పుని మోసుకొచ్చి పలకల మీద తెల్లగా వదిలేస్తుంది. రెండడుగుల ప్లాస్టిక్ షీటు నేల మీద పరిచి, అంచులన్నీ టేపుతో మూసేసి ఒక రోజు వదిలేయండి. విప్పితే అడుగున చెమటపట్టినట్టుంటే ఇంకా ఆగాలి.

ఇంత చాకిరీ మాకెందుకు అనుకుంటే పోర్సిలిన్‌లో టెర్రకోటలాంటి టైల్స్ దొరుకుతాయి. అక్క అవే వేయించింది, నేనేమీ అనలేదు. ఎంచుకునేటప్పుడు మాత్రం ఒకే అచ్చు ఎన్ని రకాల ముఖాలతో వస్తుందో అడగండి. రెండు మూడే అయితే ఒకే మచ్చ గదంతా కనబడి నకిలీ అని పట్టిస్తుంది. మెరుపు లేనివి, అంచులు కత్తితో కోసినట్టు కాకుండా కాస్త గుండ్రంగా ఉన్నవి తీసుకోండి. గ్రౌట్ ఇసుక రంగుది పెట్టండి. తెల్ల గ్రౌట్ నేలని గళ్ల కాగితంలా మార్చేస్తుంది, పైగా నెలలోపే నల్లబడుతుంది.

గోడలు

ఒకే లేత రంగు ప్లాస్టిక్ పెయింటుని గదంతా నున్నగా పూస్తే అట్టపెట్టెలో నిలబడ్డట్టుంటుంది. వెచ్చదనం రంగులో సగమే, మిగతా సగం గోడ గరుకులో ఉంటుంది. సున్నపు గిలాబా మీద తాపీ తిరిగిన చోట వెలుతురు ఒక చోట ఆగి ఒక చోట జారి, ఒకే రంగులో పది ఛాయలు చూపిస్తుంది.

సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని మెల్లగా మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. అందుకే పైకి ఆరినట్టు కనిపించినా లోపల గట్టిపడటానికి వారాలు పడుతుంది. పల్చటి పూతలు రెండు మూడు వేయాలి. మందంగా ఒకేసారి వేస్తే బీటలు వస్తాయి. మరీ త్వరగా ఆరిపోతే పొడిలా రాలుతుంది, ఎండ తగిలే గోడమీద నీళ్లు చిలకరిస్తూ ఉండాలి. తడి మీద రంగు ముదురుగా ఉంటుంది, ఆరాక బాగా తేలిపోతుంది. కాబట్టి తడి చూసి కంగారుపడి తెలుపు కలపకండి. కలిపే మట్టి రంగు పొడి, సున్నం బరువులో పదో వంతు దాటితే పట్టు తగ్గుతుంది. పాత ప్లాస్టిక్ పెయింటు మీద నేరుగా పూస్తే నిలవదు, గీకించాలి, లేదా అందుకోసమే ఉన్న గరుకు ప్రైమర్ వేయాలి. చేతులకి తొడుగులు, కళ్లకి అద్దాలు తప్పనిసరి. తడి సున్నం కంట్లో పడితే ఆటలు కావు.

ఈ గోడ ఊపిరి పీల్చుకుంటుంది, క్షారం వల్ల బూజు త్వరగా పట్టదు. నూనె తుంపరలు మాత్రం దీనికి పడవు. పొయ్యి వెనకా సింకు వెనకా టైలు వేయాల్సిందే. అక్కడ నాకు నచ్చినవి మొరాకోలోని ఫెజ్ నగరపు జెలీజ్ పలకలు. చేత్తో మలిచి, గ్లేజు (గాజులా మెరిసే పూత) పూసి కాల్చి, అంచులు సుత్తితో చెక్కుతారు. ఏ రెండూ ఒక్కలా ఉండవు. దంతపు రంగువి తీసుకుంటే ఒకటి మీగడలా, ఒకటి ముత్యంలా, ఒకటి కాస్త బూడిదగా వస్తుంది. వీటి మధ్య సందు ఒకటి రెండు మిల్లీమీటర్లకి మించనివ్వరు. అంచులు విరిగినట్టు, గ్లేజు లేచినట్టు అక్కడక్కడ ఉంటుంది, అది దాని సహజ గుణం. అది భరించలేని మనిషైతే ఇవి కొనకండి. మా బావగారు పెట్టె విప్పగానే "పగిలినవి అంటగట్టారు" అని తిరిగి పంపించేయబోయారు. అక్కవాళ్లకి చివరికి సాదా చదరపు టైల్సే, మెరుపు లేనివి, వేశాం. అవీ బాగానే ఉన్నాయి.

మొరాకోలోనే తదలక్త్ అని ఇంకో పని ఉంది. సున్నపు పూతని నున్నటి గులకరాయితో రుద్ది, ఆలివ్ నూనె సబ్బు పట్టిస్తారు. సబ్బు సున్నంతో కలిసి నీరు దిగని పొర కడుతుంది. సింకు వెనక గోడకి అద్భుతంగా ఉంటుంది, చేయి తిరిగినవాళ్లు దొరికితేనే పెట్టుకోండి.

గట్టు రాయి, నిమ్మకాయ

ట్రావర్టీన్ రోమ్ పక్కనున్న తివోలిలో వేడి నీటి ఊటలు పేర్చిన రాయి. కొలోసియం బయటి గోడ కట్టింది దాంతోనే. గోధుమ తెలుపులో, చిన్న చిన్న గుంటలతో, ఈ గదికి పుట్టినట్టే ఉంటుంది. నేను మనసు పారేసుకుని గట్టు మొత్తం అదే వేయించాను. రెండో వారంలో సగం కోసిన నిమ్మకాయ ఒక గంట దాని మీద ఉండిపోయింది. తీస్తే కింద మసకబారిన గుండ్రటి మచ్చ. అది మరక కాదు, తుడిస్తే పోదు. పులుపు రాయిని తినేసింది. ట్రావర్టీన్, పాలరాయి, సున్నపురాయి మూడూ ఒక్క గోత్రమే, వెనిగరైనా టమాటా అయినా వాటికి పడదు. సీలర్ మరకని ఆపుతుంది, ఈ కాటుని ఆపదు.

కాబట్టి పాలిష్ లేని మసక ఫినిష్ తీసుకోండి, కాటు అంతగా కనబడదు. లేదా నేను అక్క ఇంట్లో చేసినట్టు పొయ్యి, సింకు ఉన్న గట్టుకి లేత గోధుమ రంగు గ్రానైటో, క్వార్ట్‌జైట్ అనే గట్టి సహజ రాయో వేసి, ట్రావర్టీన్‌ని ఎత్తు అరకీ గోడ గూటికీ పరిమితం చేయండి. కృత్రిమ క్వార్ట్జ్ పులుపుకి భయపడదు, కానీ అందులో రెసిన్ (ప్లాస్టిక్‌లాంటి జిగురు) ఉంటుంది, పొయ్యి మీంచి దించిన గిన్నె నేరుగా పెడితే మచ్చ పడుతుంది. ఏ రాయైనా చేతిలో ఇమిడే ముక్కని ఊరికే చూసి ఒప్పుకోకండి. ముక్క తెచ్చుకుని దాని మీద నిమ్మరసం, నూనె, కాఫీ చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి.

గట్టు ఎత్తు సాధారణంగా 85 నుంచి 90 సెంటీమీటర్లు. మోచేయి మడిచి నిలబడితే దానికి 10, 15 సెంటీమీటర్ల కింద గట్టు ఉండాలని నేను లెక్క పెట్టుకుంటాను. పొయ్యి, సింకు, ఫ్రిజ్ మధ్య నడక గురించి ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1940లలో కట్టిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: త్రిభుజంలో ఒక్కో భుజం 4 నుంచి 9 అడుగులు, మూడూ కలిపి 13 నుంచి 26. నేను నేల మీద సుద్దముక్కతో గీసుకుని ఖాళీ గిన్నెలతో రెండు రోజులు నడిచాను. ఇంట్లో నవ్వారు. ఫ్రిజ్ తలుపు తీస్తే దారి మూసుకుపోతుందని అలాగే తెలిసింది.

పొయ్యి మీద గొడుగు

ఈ శైలిలో గదికి ముఖం పొయ్యి పైనుండే గిలాబా గొడుగు. పూర్వం కట్టెల పొయ్యి పొగ పీల్చే గూడు అదే. కింద వెడల్పుగా మొదలై పైకి సన్నబడుతూ కప్పుని తాకుతుంది. లోపల ఉక్కు చట్రం, పైన సిమెంటు బోర్డు, ఆపైన గోడకి వేసిన అదే సున్నపు పూత. అసలు చిమ్నీ మోటారు లోపల దాక్కుంటుంది. పొయ్యికంటే రెండు పక్కలా ఒక జానెడు వెడల్పు ఉంటేనే నిండుగా ఉంటుంది. గ్యాస్ పొయ్యి నుంచి చిమ్నీ అడుగుకి 65 నుంచి 75 సెంటీమీటర్లు ఉండాలంటారు, మీ చిమ్నీ కంపెనీ పుస్తకంలో ఏముందో అదే ఖాయం. కింది అంచుకి చెక్క దూలం పెట్టాలని అందరికీ మోజే. మంట వేడి దానికి ఎంత దూరంలో ఉండాలో కూడా ఆ పుస్తకంలో చూసుకునే పెట్టండి.

నా గొడుగు అందంగా వచ్చింది. ఎనిమిది నెలల తర్వాత మోటారు ఆగిపోయింది. విప్పడానికి తలుపు పెట్టించలేదు. పక్క గోడ పగలగొట్టి, మోటారు బాగుచేయించి, మళ్లీ పూత వేయించాను. కొత్త పూత పాతదానితో కలవలేదు. గొడుగు మొత్తం మళ్లీ పూయాల్సి వచ్చింది. పక్కవైపు చేయి దూరేంత తలుపు ఒకటి, దాని మీద అదే పూత. అంతే, ఇంత చిన్న పని.

చెక్క, ఇనుము

పై అలమరలు తగ్గించండి. గొడుగుకి రెండు పక్కలా నిండా అలమరలుంటే అది ఊపిరాడక నిలబడ్డట్టుంటుంది. ఒక పక్క మందపాటి చెక్క అర ఒకటి చాలు, రోజూ వాడే గిన్నెలు మాత్రమే పెట్టండి. వాడనివి పెడితే జిడ్డు, దుమ్ము కలిసి పేరుకుంటాయి. కింది అలమరలకి ఓక్ చెక్క తేనె రంగులో అయినా, పుట్టగొడుగు రంగు పెయింటైనా బాగుంటుంది. మరీ తెలుపు వద్దు, సున్నపు గోడ దాని పక్కన మాసినట్టు కనబడుతుంది. కమాను ఒక్కటే పెట్టుకోండి, గుమ్మానికో గూటికో. నాలుగు కమానులు పెడితే హోటలు వాకిలిలా తయారవుతుంది.

గదంతా లేతగా ఉంటే కన్ను నిలవడానికి చోటుండదు. ఒకటి రెండు నల్లటివి కావాలి. నాకు ఇనుప దీపం, కిటికీ చువ్వలు ఆ పని చేశాయి. కుళాయి, పిడులు లక్క పూయని ఇత్తడివి తీసుకున్నాను, చేయి తగిలే చోట మెరుస్తూ, తగలని చోట ముదురుతూ పోతాయి. ఎప్పుడూ కొత్తగా ఉండాలనుకుంటే లక్క పూసినవే తీసుకోండి. ఆలివ్ నూనె సీసా అరమీద వెలుతురులో ఫొటోకి బాగుంటుంది. నూనెకి వేడీ వెలుతురూ రెండూ చేటే, దాని చోటు పొయ్యికి దూరంగా, తలుపున్న అలమరలో.

చివరి మాట పని వరస గురించి. నేను పైన చెప్పింది ఎంచుకునే వరస. పని జరిగే వరస వేరు: పైపులు, వైర్లు, గొడుగు చట్రం, నేల (పరిచాక అట్టలు కప్పాలి), కింది అలమరలు, గట్టు, టైలు, అన్నిటికీ ఆఖరున గోడ పూత. పూత మిగిలితే పారేయకండి. డబ్బాలో ముద్ద పైన వేలెడు నీళ్లు నిలిపి, గాలి దూరకుండా మూత బిగించి పెడితే మామూలు సున్నం ఏళ్ల తరబడి గడ్డకట్టదు. మూత మీద గోడ పేరు, రంగు పొడి ఎన్ని గ్రాములు కలిపారో రాయండి. నేను 'గొడుగు' అని మాత్రం రాశాను, గ్రాములు రాయలేదు.